ముప్పై ఆరు తర్వాత ముప్పై ఎనిమిది

ఆ రోడ్డు మీద ముప్పై ఆరో రాయికీ ముప్పై ఎనిమిదో రాయికీ మధ్య ఎవరూ హారన్ కొట్టరు.

ఎందుకని అడిగితే లారీ డ్రైవర్లు నవ్వేసి మాట మారుస్తారు. బస్సు కండక్టరు మాత్రం, మనం తెలిసినవాళ్ళమైతే, గొంతు తగ్గించి చెబుతాడు. అక్కడ ఎడమ పక్కకి చూడకూడదట. చూస్తే — తెల్లగా ఒకటి ఉంటుందట. నిలబడ్డ మనిషంత ఎత్తు ఉండదు. కూర్చున్న మనిషంత ఉంటుంది. కదలదు, పిలవదు. కానీ చూసినవాడు దాని వైపే పోతాడు...

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఉన్నా వాటికి కేటాయించే తీరిక లేదు. ఇది నా తమ్ముడికి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మధ్యలో కొంత నాకూ జరిగింది. అదీ దాచను.

ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి.

పేరుకి స్టేట్ హైవే. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి మట్టిలోకి దిగాల్సిందే. మా ఆస్పత్రి గేటు దగ్గర మొదలై నూట పన్నెండో రాయి దగ్గర ఆగుతుంది. తొమ్మిదేళ్ళ కిందట దాన్ని సరిచేశారు. వంకర ఉన్నచోట తిన్నగా వేస్తే రోడ్డు దాదాపు ఒక కిలోమీటరు కురచయింది. కురచయ్యాక రాళ్ళ మీద అంకెలన్నీ మార్చాలి. అయితే వంతెనల నంబర్లూ, ఆఫీసు కాగితాలూ ఆ అంకెలతోనే నడుస్తాయి. అంత చాకిరీ ఎవరు నెత్తికెత్తుకుంటారు? మధ్యలో ఒక అంకె వదిలేశారు. ముప్పై ఆరు తర్వాత ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు లేదు.

ఆ అంకెలు రాసేది మా నాన్నే.

ముప్పై ఒక్క ఏళ్ళు రాశాడు. తెల్లరంగు డబ్బా, నల్లరంగు డబ్బా, రెండు కుంచెలు. అమ్మ వెనకాలే బకెట్టూ పాత గుడ్డా పట్టుకుని నడిచేది. ఆవిడ రాయి కడిగితే ఆయన రంగు వేసేవాడు. జనం ఆయన్ని అంకెలాయన అనేవాళ్ళు. ఏడుకి నడుం దగ్గర ఒక అడ్డగీత పెట్టేవాడు, చీకట్లో ఒకటిలా కనిపించకూడదని. రాత్రిపూట వెళ్ళేవాడికి రాయి ఒక్కటే దిక్కు, రాయి అబద్ధం చెప్పకూడదు అనేవాడు.

ఏటా వానలు రాకముందు పని ముగించి ఇంటికొచ్చి, కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ ఒకే మాట అనేవాడు. "నూట పన్నెండు. ఒక్కటీ తగ్గలేదు."

అమ్మకి ఒళ్ళు మండేది. "ఎందుకు తగ్గుతాయి, కాళ్ళొచ్చి నడిచిపోతాయా? తగ్గితే మీరెళ్ళి కూర్చోండి ఆ చోట" అనేది. ఏటా అదే మాట, ఏటా అదే జవాబు. మా ఇంట్లో వానాకాలం అలా మొదలయ్యేది.

నాన్న పోయి మూడేళ్ళయింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. తమ్ముడు చాలా ఏళ్ళు దూరాన లారీలు తోలి, నాలుగు నెలల కిందట ఇక్కడి ఆస్పత్రి అంబులెన్సు మీద డ్రైవరుగా చేరాడు.

ఆ రాత్రి వాన.

డ్రైవర్ల గది ఆస్పత్రి వెనక ఉంటుంది. రెండు మంచాలు, మేకుకి బండి తాళం, కిటికీలో డ్యూటీ సెల్‌ఫోను. తమ్ముడితో పాటు ఉండేది ఒక పెద్దాయన. పేషెంటుకి కట్టు కట్టడం, సెలైన్ పెట్టడం ఆయన పని. చలిగాలి పడదని ఏడాది పొడుగునా చెవుల్లో దూది పెట్టుకుంటాడు. అందుకని అందరికీ దూది బాబాయి.

రెండుంబావుకి ఫోను మోగింది. తమ్ముడు ఎత్తాడు. ఆడగొంతు. చాలా మెల్లగా...

"అంబులెన్సేనా అన్నా... స్కూటీ పడిపోయింది... కాలు... రక్తం ఆగట్లేదు."

ఎక్కడున్నావమ్మా అని అడిగాడు.

"పక్కన రాయుంది. ముప్పై ఏడు."

దూది బాబాయి దిగ్గున లేచి కూర్చున్నాడు. చెవుల్లో దూది ఉన్నా ఆ అంకె మాత్రం ఆయనకి వినిపించింది.

"పెట్టెయ్, నాయనా" అన్నాడు.

తమ్ముడు పెట్టలేదు. ఫోను మీద చెయ్యి మూసి, ఎందుకన్నాడు.

బాబాయి గుసగుసగా చెప్పాడు. ఐదేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి వానలోనే ఒక కుర్రాడు ఫోను చేశాడు. బండి మీంచి పడ్డాను, ముప్పై ఏడో రాయి దగ్గర ఉన్నాను అన్నాడు. అప్పటి డ్రైవరూ తనూ వెళ్ళారు. ముప్పై ఆరు ఉంది. ముప్పై ఎనిమిది ఉంది. మధ్యలో పురుగు లేదు. నాలుగుసార్లు తిరిగారు. ఫోను చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తరు. తెల్లారాక ముప్పై ఎనిమిదో రాయి మొదట్లో దొరికాడు. ప్రాణం లేదు. ఒక కాలికే చెప్పుంది. మోచేతుల వరకూ బురద. బండి మాత్రం ఎక్కడా దొరకలేదు. అప్పట్నుంచి... వాడే పిలుస్తుంటాడు. గొంతు మారుస్తాడు. నిరుడు రెండుసార్లు వచ్చింది ఫోను.

ఆ రెండూ కాలేజీ పిల్లల అల్లరి అని తర్వాత తేలింది, అది వేరే సంగతి. తేలాక పెద్ద డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆ అంకె పేరుతో ఫోనొస్తే బండి కదలకూడదు. కదిలిన సమయానికి నిజం ఫోను ఇంకోటి వస్తే ఎవరు జవాబు చెబుతారు? వెళ్ళినవాడు ఉద్యోగం మర్చిపోవచ్చు.

వస్తున్నామని చెప్పి ఫోను జేబులో వేసుకుని, తమ్ముడు మేకు మీది తాళం తీశాడు.

"దెయ్యమైతే తొందరేం లేదు బాబాయ్, ఎలాగూ చచ్చింది. మనిషైతేనే తొందర."

బాబాయి తిట్టుకుంటూనే పెట్టె పట్టుకుని బండెక్కాడు. నీకు పెళ్ళాం పిల్లలు లేరు కాబట్టి సరిపోయింది, నాకు ముగ్గురు మనవలున్నారు అని దారి పొడుగునా సణిగాడు. ఇరవయ్యో రాయి దాటాక సణుగుడు ఆగింది. ముప్పై దాటాక ఊపిరి కూడా వినిపించలేదట.

ముప్పై ఆరు వచ్చింది. వానలో తడిసి నిగనిగలాడుతోంది.

"ఇక్కణ్ణించి ఎడమకి చూడకు" అన్నాడు బాబాయి. "నీకు దండం పెడతాను. కుడికే చూడు."

తమ్ముడు మొండివాడే కానీ పిచ్చివాడు కాదు. పెద్దాయన వణుకుతుంటే ఎదురుచెప్పడం ఎందుకని కుడి పక్కే వెతుకుతూ నడిపాడు. కొంత దూరం పొలాలు... తర్వాత గుట్టని నిలువునా కోసి రోడ్డు వేసిన చోటు. రెండు పక్కలా రాతి గోడలు. అది దాటగానే — ముప్పై ఎనిమిది.

ఎవరూ లేరు.

బండి తిప్పాడు. వెనక్కి వచ్చేటప్పుడూ బాబాయి వద్దన్న పక్కకి చూడలేదు. మళ్ళీ ముప్పై ఆరు. ఎవరూ లేరు.

ఫోను మోగింది.

"అన్నా... మీ బండి చప్పుడు వినపడింది. నా నెత్తి మీదుగా పోయింది... మళ్ళీ వెనక్కి పోయింది."

బాబాయి కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. నెత్తి మీదుగా... నెత్తి మీదుగా బండి పోయేది ఎవరికి? పాతిపెట్టినవాళ్ళకే కదా.

హారన్ కొడతాను, వినపడితే చెప్పమన్నాడు తమ్ముడు. బాబాయి వాడి మణికట్టు పట్టేసుకున్నాడు. విడిపించుకుని కొట్టాడు. ఐదేళ్ళలో ఆ ముక్క మీద మోగిన మొదటి హారన్ అదే కావచ్చు. గుట్ట గోడలకి తగిలి రెండు మూడుసార్లు తిరిగొచ్చింది.

"వినపడింది... పైనించే."

"లైట్లు కనపడుతున్నాయా తల్లీ?"

"లేదు. చీకటి. రాయి ఒక్కటే తెల్లగా ఉంది." తర్వాత అంది: "అన్నా, నిద్రొస్తోంది."

రక్తం పోయేవాళ్ళకి నిద్రొస్తే ఆ నిద్ర ఎలాంటిదో నాలుగు నెలల్లోనే తమ్ముడు నేర్చుకున్నాడు. నిద్రపోకు, ఏం పని చేస్తావో చెప్పు అన్నాడు. బేకరీలో అంది. మూడు గంటలకి పిండి కలపాలి, ఆలస్యమైతే మేస్త్రి అరుస్తాడు అంది. తర్వాత మాటలు ముద్దముద్దగా అయిపోయాయి. లైను తెగింది.

అప్పుడు తమ్ముడు నాకు ఫోను చేశాడు.

నేనెత్తగానే వాడడిగింది ఇది:

"అక్కా, నాన్న ఎన్ని రాళ్ళు రాసేవాడు?"

తాగావా అని అడిగాను. లేదు, చెప్పు అన్నాడు. నూట పన్నెండు, ఏటా వింటూనే పెరిగాం కదా, పెట్టి పడుకో అన్నాను.

"రోడ్డు సరిచేశాక కూడానా? ఆఖరి ఏడు కూడానా?"

ఆఖరి ఏడు వేసవిలో నేను పుట్టింట్లోనే ఉన్నాను. నాన్న చేతులు కడుక్కోవడం చూశాను. ఆ మాట విన్నాను. అమ్మ తిట్టడం కూడా విన్నాను.

"ఆఖరి ఏడు కూడా నూట పన్నెండే."

"ముప్పై ఏడు లేకపోతే నూట పదకొండు కావాలి కదక్కా."

పాతికేళ్ళుగా పిల్లలకి తీసివేతలు చెబుతున్నాను. ఇంత చిన్న తీసివేత నాకు తట్టలేదు.

ముప్పై ఏడు ఉంది. ఆఫీసువాళ్ళు ఇచ్చిన జాబితాలో నూట పన్నెండు రాళ్ళుంటాయి; పాత జాబితానే ఏటా కాపీ కొట్టి ఇస్తారు. ఇంకొకడైతే ఒకటి వదిలేసి అన్నీ రాశానని సంతకం పెడతాడు. నాన్న పెట్టడు. జాబితాలో ఉంది కాబట్టి, ఆ రాయి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి రాసుంటాడు. ఎక్కడుంటుంది? పాత రోడ్డు మీద.

"పాత రోడ్డు ఎటు పోయేదో బాబాయిని అడుగు" అన్నాను.

గుట్ట చుట్టూ తిరిగేది, దాన్ని ఎప్పుడో మూసేశారు, మట్టికట్ట పోశారు అని బాబాయి చెప్పడం నాకు ఫోనులో వినిపించింది. ఏ పక్క నుంచి అని తమ్ముడు అడిగాడు.

బాబాయి చెవుల్లో దూది ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడట.

"ఎడమ" అన్నాడు.

బండి మళ్ళీ తిప్పి, ముప్పై ఆరు దాటాక మెల్లగా పోనిచ్చి, తమ్ముడు ఆ రాత్రి మొదటిసారి ఎడమకి చూశాడు.

తెల్లగా... ఒకటుంది.

గుట్ట మొదలయ్యేచోట, రోడ్డుకి దిగువన, తుప్పల మధ్య. నిలబడ్డ మనిషంత ఎత్తు లేదు. కూర్చున్న మనిషంత ఉంది. కదలడం లేదు.

బండాపి, టార్చి తీసుకుని దిగాడు. బాబాయి పెట్టె పట్టుకుని వెనకే దిగాడు. మోకాలెత్తు గడ్డి. కింద కాలికి గట్టిగా తగిలింది — తారు. పాత రోడ్డు తారు. అడ్డంగా మట్టికట్ట ఉండాల్సిన చోట నేల చదునుగా ఉంది. ఊరికే పడున్న మట్టిని మనవాళ్ళు ఊరుకుంటారా? ట్రాక్టర్లకెత్తుకుని పునాదుల్లో పోసుకున్నారు. దారి తెరుచుకుంది. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

తెల్లని దాని దగ్గరికి వచ్చాడు. దాని వెనకనించి గుసగుస.

"వచ్చారా..."

రాయి. దాన్ని కావిలించుకుని ఒక అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో. రెండడుగుల అవతల రోడ్డే లేదు. పాత కల్వర్టు కూలి గొయ్యి పడింది. స్కూటీ అందులో తలకిందులుగా ఉంది. కాలు విరిగి, పైకి పాకి, చేతికి మొదట అందిన రాయిని పట్టుకుని కూర్చుంది.

రక్తం చూడగానే బాబాయి మనిషి మారిపోయాడు. దెయ్యాన్ని చూస్తే వణికేవాడు కానీ గాయాన్ని చూస్తే చెయ్యి తొణకదు ఆయనకి. తన తలగుడ్డ చింపి తొడకి బిగించాడు, బండిలోంచి స్ట్రెచరు బల్ల తెప్పించాడు, నిద్రపోతే చెంప పగలగొడతానని ఆ పిల్లని బెదిరించాడు. ఆ కంగారులో చెవుల్లో దూది ఎక్కడో పడిపోయింది.

బల్ల ఎత్తబోతూ తమ్ముడు గొయ్యిలోకి టార్చి కొట్టాడు. స్కూటీ కింద ఇంకో బండి ఉంది. తుప్పు పట్టింది. హ్యాండిల్ చుట్టూ తీగ అల్లుకుంది. దాని పక్కన బురదలో ఒక చెప్పు... ఒక కాలిదే.

బాబాయి కూడా చూశాడు. ఆ కుర్రాడు మోచేతుల మీద గుట్ట చుట్టూ పాకి ముప్పై ఎనిమిది దాకా వచ్చాడన్నమాట. తాము పైన నాలుగుసార్లు తిరుగుతుంటే.

అమ్మాయి బతికింది. ఇంకో అరగంటయితే కష్టమని పెద్ద డాక్టరే అన్నాడు. తమ్ముణ్ణి తిట్టడానికి పిలిచి టీ ఇప్పించి పంపాడు.

తర్వాత ఆ పిల్లని ఎలా పడ్డావని అడిగారు. వానలో రోడ్డు కనపడలేదంది. కళ్ళజోడంతా నీళ్ళు. అలాంటప్పుడు ఎడమ పక్క రాళ్ళు చూసుకుంటూ పోవడం అలవాటట. ముప్పై ఆరు దాటాక తెల్లగా రాయి కనిపించింది. రోడ్డు అటే ఉందనుకుంది.

రాయి అబద్ధం చెప్పదు కదా.

ఆమె అరచేతులు రెండూ తెల్లగా ఉన్నాయి. బాబాయి రక్తం తుడిస్తే పోయింది కానీ ఆ తెలుపు పోలేదు. చివరికి కిరసనాయిలు గుడ్డతో రుద్దాడట.

ఇదంతా తమ్ముడు పొద్దున్నే మా ఇంటికొచ్చి వంటగదిలో నిలబడి చెప్పాడు. అమ్మ ఇంకా లేవలేదు. చెప్పడం అయిపోయాక మెల్లగా అన్నాడు:

"ఏడుకి అడ్డగీత ఉందక్కా."

ఉంటుంది, నాన్న రాసిందేగా అన్నాను.

"కొత్తరంగు. వాసన ఇంకా పోలేదు."

నాన్న పోయి మూడేళ్ళు. ఆయన తర్వాత పని తీసుకున్నవాడు ముప్పై ఏడు మాటే ఎత్తడు. ఏడుకి అడ్డగీత అసలే పెట్టడు. ఇంకెవరు రాస్తారు? నాకు వెంటనే తట్టింది. మా అమ్మ ఏటా వానలకి ముందు తన చెల్లెలింటికని ఒక్కర్తే వెళుతుంది. చేతిసంచి తీసుకుంటుంది. ఇస్తానన్నా నన్ను మొయ్యనివ్వదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తుంది. చెల్లెలింటికి పోయే మనిషి ఒక రాత్రైనా ఉండకుండా వస్తుందా అని నాకెప్పుడూ అనుమానం రాలేదు.

అమ్మ లేచాక అడిగాను. దాచలేదు.

"ఆయన పోయిన మరుసటి ఏడు వెళ్ళాను, నిరుడు వెళ్ళాను" అంది. "అన్నీ ఎవరో రాస్తున్నారు. అదొక్కటే వదిలేశారు. దిక్కులేనిదాన్లా ఉంది."

చెప్పాలా వద్దా అని నేను పెద్దగా ఆలోచించలేదు. చెప్పకపోతే వచ్చే ఏడు మళ్ళీ వెళుతుంది. ఆ రాయి ఏం చేస్తోందో చెప్పాను. బేకరీ అమ్మాయి గురించి చెప్పాను. గొయ్యిలో పాత బండి గురించీ చెప్పాను.

అమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"ఆ కుర్రాడు పోయింది మీ నాన్న ఉండగానా?"

అవునన్నాను.

అమ్మ కొంగుతో బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఈ ఏడు నేను వెళ్ళలేదే" అంది. "మోకాళ్ళు కదా. బస్టాండు దాకా పోయి, బస్సెక్కలేక నువ్వు బడినించి రాకముందే తిరిగొచ్చేశాను."

నేను నవ్వాను. మనిషికి తప్పు తెలిశాక మాట మార్చడం మామూలే అనుకున్నాను. పిల్లలు రోజూ చేస్తారు నా దగ్గర. అటక మీంచి సంచి దింపి డబ్బా తీశాను.

మూత తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చాకు పెట్టి లేపినా రాలేదు. కుంచె వెంట్రుకలు గట్టిపడి కర్రలా ఉన్నాయి.

తమ్ముడు నా వైపు చూశాడు. వానకి పాత రంగు కరిగి ఆ పిల్ల చేతులకి అంటుంటుంది అన్నాను. ఎనామిల్ రంగు వానకి కరగదని వాడికి తెలుసు. నాకూ తెలుసు.

రోడ్ల ఆఫీసుకి వెళ్ళి చెప్పాను. రాసిమ్మన్నారు. రాసిచ్చాను. ముప్పై ఏడు అనే రాయి మా రికార్డులో వాడకంలో లేదు కాబట్టి తొలగించడానికి వీల్లేదన్నాడు గుమస్తా. లేనిదాన్ని ఎలా తొలగిస్తాం మేడమ్ అని నాకే లాజిక్ చెప్పాడు. మరి ఏటా మీ జాబితాలో ఎందుకుందయ్యా అంటే అది వేరే సెక్షనట.

ఆదివారం నేనూ తమ్ముడూ గడ్డపారలు పట్టుకుని వెళ్ళాం. పట్టపగలు. గంటన్నర పట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళ రంగు పొరలు పొరలుగా పేరుకుని, రాయి మొదట్లో బెరడులా ఊడొచ్చింది. పీకి, దొర్లించి, కల్వర్టు గొయ్యిలో బోర్లా పడేశాం. అంకె ఉన్న వైపు కిందికి, మట్టి అంటిన వైపు పైకి. పాత దారికి అడ్డంగా ముళ్ళకంప వేసి రెండు తారుడబ్బాలు నిలబెట్టాం. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తీసేశారా?"

తీసేశాం అన్నాను.

"అయితే నూట పదకొండు" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాటతో ఈ కథ అయిపోవాలి. నా లెక్క ప్రకారం అయిపోయింది కూడా. దూది బాబాయి ధైర్యంగా హారన్ కొట్టమంటున్నాడని తమ్ముడు నవ్వుతూ చెప్పాడు. బేకరీ అమ్మాయి కర్ర పట్టుకుని నడుస్తోంది.

ఇరవై రోజులయ్యాక, మళ్ళీ వాన రాత్రి. ఒంటిగంట దాటింది. తమ్ముడి ఫోను.

డెబ్బయ్యో రాయి దగ్గర పేషెంటుని దింపి ఒక్కడే వస్తున్నాడు. బాబాయి పేషెంటు దగ్గరే ఆగిపోయాడు. తమ్ముడు ముప్పై ఎనిమిది దాటి, గుట్ట దాటి బండాపాడట. ఇంజను చప్పుడు వినిపిస్తోంది. వాన చప్పుడు వినిపిస్తోంది.

ఏమైందిరా అన్నాను.

"రాయి మనమే పీకాం కదక్కా."

"పీకాం."

"బోర్లా వేశాం కదా."

"వేశాం. ఏమైంది?"

"మరి అక్కడ తెల్లగా..." గొంతు తగ్గించాడు, పక్కన ఎవరో వింటున్నట్టు. "అక్కడే ఉంది. అదే చోట."

కంప మీద ఎవరో గుడ్డ పడేసి ఉంటారు అన్నాను. ఎత్తెంత ఉందని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"కూర్చున్న మనిషంత."

వెనక ఏదో కదిలితే తిరిగి చూశాను. అమ్మ. చీకట్లో మంచం మీద లేచి కూర్చుని ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో.

"నేనే అన్నాను" అంది, నాతో కాదు. "తగ్గితే మీరెళ్ళి కూర్చోండి అని... ఏటా అన్నాను."

ఫోనులో బండి తలుపు తెరుచుకున్న చప్పుడు. వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదయింది. తమ్ముడు కిందికి దిగుతున్నాడు.

ఎనామిల్ గురించీ గుడ్డ గురించీ నేనింకేమీ చెప్పలేదు. గుసగుసగా ఒక్క మాటే అన్నాను.

"బండెక్కు. అటు చూడకు."